ఇంక్రిమెంట్ ఆపిన ఆర్డరు గురించి అల్లుడికి

చిత్తూరు

అల్లుడూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. రేపే ఆర్డరిచ్చిన సారు రూముకు పోయి తేల్చుకుంటానంటున్నావంట. పోవద్దు నాయనా.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఆర్డరు అద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివినా. చివరి లైను చూసినావా? ‘విత్ క్యుములేటివ్ ఎఫెక్ట్’ అని ఉంది. నీ కేసంతా ఆ ‘విత్’లోనే ఉంది. ‘వితౌట్’ అయింటే గడువు తీరినాక జీతం మళ్ళీ సర్దుకునేది. ఇప్పుడు ఆ లోటు పెన్షన్ దాకా వెంటొస్తుంది. మన 1991 సీసీఏ రూల్స్‌లో, అదే ప్రభుత్వ ఉద్యోగుల మీద చర్యల రూల్స్‌లో, అది పెద్ద శిక్ష. దానికి ఛార్జీలు రాసిచ్చి, విచారణ జరిపి తీరాల. నీకేమో ఒట్టి మెమో ఇచ్చి, జవాబు తీసుకొని, ఆర్డరు కొట్టేసినారు. అప్పీల్లో మొదటి పేరా ఇదే పెట్టు. సారును మాత్రం ఒక్క మాట అనొద్దు. అప్పీల్లో అమర్యాద మాటలుండకూడదని రూల్సే చెప్తాయి.

ఆర్డరు చేతికందిన రోజు నుంచి మూడు నెలలు టైముంది. పైఅధికారికి అప్పీలు, ఆర్డరిచ్చిన ఆయనకు కాపీ. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే చాలని ఎవరో చెప్పినారంట. ఆ రసీదు పట్టుకొని కూర్చుంటే గడువు ఆగదు.

నా సంగతి చెప్తా. కొత్తలో సీనియారిటీ తప్పు పడిందని అర్జీ రాసి, తెలిసినాయనే కదా అని సెక్షన్ గుమాస్తా చేతిలో పెట్టొచ్చినా. రెండేళ్ళకు అడిగితే అట్లాంటి కాగితమే రాలేదన్నారు. నాకంటే వెనక చేరినోళ్ళు ముందు ప్రమోషన్ తీసుకున్నారు. అందుకే ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాలా సెక్షన్‌లోనే ఇయ్యి. నీ కాపీ మీద సీలు, తేదీ, నంబరు వేయించుకో. సీలు మసకగా పడితే ఇంకోసారి కొట్టమను, మొహమాటపడొద్దు.

ఫైల్లో నీ మీద ఏం నోట్ రాసినారో సమాచార హక్కు కింద అడుగు. జిల్లా ఆఫీసులో 10 రూపాయలు, 30 రోజుల్లో ఇయ్యాల. 2022లో జిల్లాలు విడిపోయినాయి గదా, నీ పాత ఫైలు తిరుపతి చేరిందో, ఇక్కడే మూలుగుతుందో ముందు కనుక్కో.

అప్పీలు కొట్టేస్తే హైకోర్టే. ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎత్తేసినారు. ఇప్పుడే పోతే ముందు అప్పీలు చేసుకో పొమ్మంటారు.

ఆదివారం రా. డ్రాఫ్టు చేత్తోనే రాసుకొని రా, కొట్టివేతలు చానా ఉంటాయి. ఆర్డరు వచ్చిన కవరు పారేయలేదు గదా? దానిమీద పోస్టు ముద్ర ఉంటుంది, తీసుకురా.

మామ