ఆల్ప్స్ వ్యాన్ ట్రిప్‌కి ఎమర్జెన్సీ ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం 98,000. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 70,000. భార్య ఉద్యోగం చేయడం లేదు, ఐదేళ్ల పాప ఉంది, అమ్మ మాతోనే ఉంటుంది. ఇంజినీరింగ్‌లో కలిసి చదివిన 8 మంది మిత్రులం ఈ సెప్టెంబర్‌లో 11 రోజులు ఆల్ప్స్ సరస్సుల ఊళ్లు తిరగాలనుకుంటున్నాం. మ్యూనిక్‌లో తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకుని ఆస్ట్రియాలో సంక్ట్ వోల్ఫ్‌గాంగ్, హాల్‌స్టాట్, స్లొవేనియాలో బ్లెడ్, ఇటలీలో మల్చేసినే, వరెన్నా చూసి, స్విట్జర్లాండ్ మీదుగా తిరిగి మ్యూనిక్ చేరాలని ప్లాన్. మనిషికి 2.8 లక్షలు అవుతుంది. ఎమర్జెన్సీ కోసం వేసిన 2.6 లక్షల ఎఫ్‌డీలోంచి 2 లక్షలు తీసి, మిగతా 80,000 కార్డు ఈఎంఐలో పెడదామనుకుంటున్నాను. ఇద్దరు మిత్రులకు చెరో 2 లక్షలు తక్కువ పడుతున్నాయి. నా పేరు మీద 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటే ఆరు నెలల్లో తీర్చేస్తామంటున్నారు. ఒక యాప్‌లో రెండేళ్లకు 16 శాతం వడ్డీకి వస్తోంది. డ్రైవింగ్ నేనే చేస్తాను, క్రెడిట్ కార్డు కూడా నాదే (లిమిట్ 2.5 లక్షలు) కాబట్టి వ్యాన్ నా పేరు మీదే బుక్ చేస్తున్నాం. ఒప్పందంలో ఎక్సెస్ (బండికి నష్టం జరిగితే మేం భరించాల్సిన మొత్తం) 2,000 యూరోలని ఉంది. పర్సనల్ లోన్ మేలా, అంతా కార్డు ఈఎంఐలో పెట్టడం మేలా?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం మీరు అడిగిన వడ్డీ లెక్క కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు బాలి అంటారు, ఒకరు జార్జియా అంటారు, మీరు ఆల్ప్స్ అన్నారు. అందరూ చేసే తప్పు ఒకటే. ఎమర్జెన్సీ కోసం పక్కన పెట్టిన డబ్బును 'ఇప్పటికైతే అవసరం లేదు కదా' అని ట్రిప్ ఖాతాలో రాసేస్తారు. ఆ మీదట ట్రిప్‌లోనే ఎమర్జెన్సీ వస్తే ఎక్కడి నుంచి తేవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మీ విషయంలో ఇంకో మెట్టు ఎక్కువ. 8 మంది ట్రిప్ భారం మొత్తం ఒక్కరి పేరు మీదికి, ఒక్క కార్డు మీదికి వచ్చి చేరింది. ఆ ఒక్కరు మీరే.

ముందు మిత్రుల అప్పు సంగతి. 4 లక్షలు, 16 శాతం, రెండేళ్లు అంటే ఈఎంఐ సుమారు 19,600. వడ్డీయే దాదాపు 70,000. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ఇంటి ఖర్చు పోను మీకు నెలకు మిగిలేది 28,000. ఈ ఈఎంఐ కడితే చేతిలో ఉండేది 8,400, అందులోంచే మీ 80,000 కార్డు ఈఎంఐ కూడా కట్టాలి. ఆ ఇద్దరూ ఆరు నెలలకు ఇస్తామన్నారు, సంతోషం. ఒకరి ఉద్యోగం పోయినా, ఇంకొకరింట్లో పెళ్లి కుదిరినా యాప్ వాడు మీ ఖాతా నుంచే కట్ చేసుకుంటాడు. వాళ్ల పేరు మీద వాళ్లే ఎందుకు తీసుకోవడం లేదని అడిగారా? వాళ్లకు బ్యాంకు ఇవ్వని అప్పును మీరు ఇస్తున్నారేమో ఒక్కసారి ఆలోచించండి. అప్పు చేసి పప్పుకూడు అన్నారంటే కనీసం ఆ కూడు తినేది అప్పు చేసినవాడే. మీరు చేస్తున్నది అప్పు చేసి ఇంకొకరి విస్తట్లో వడ్డించడం. పైగా వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో హఠాత్తుగా 4 లక్షలు వచ్చి పడితే ఎక్కడివని అడుగుతారు. ఈ లోన్ మాట ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు వ్యాన్. లెక్క తేలిక కోసం యూరోను వంద రూపాయలు అనుకుందాం, అసలు దానికన్నా కాస్త ఎక్కువే. వ్యాన్ తాళం చేతికిచ్చేటప్పుడు అద్దె కంపెనీ వాళ్లు డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డులో డిపాజిట్ బ్లాక్ చేస్తారు. సాధారణంగా అది ఎక్సెస్ మొత్తానికి దగ్గరగా ఉంటుంది, అంటే మీకు 2 లక్షలు. మీ లిమిట్ 2.5 లక్షలు. అప్పటికే 80,000 ఈఎంఐ అదే కార్డు మీద ఉంటే మిగిలిన లిమిట్ 1.7 లక్షలే. బ్లాక్ చేయడం కుదరదు, మ్యూనిక్ కౌంటర్ దగ్గర 8 మందీ బ్యాగులతో నిలబడిపోతారు. చాలా కంపెనీలు డిపాజిట్‌కి డెబిట్ కార్డు తీసుకోవు. ఈఎంఐ లేకుండా వెళ్లినా మిగిలేది 50,000. వ్యాన్ తిరిగి ఇచ్చాక ఆ బ్లాక్ వదలడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా ఇంటి దగ్గర అమ్మగారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే కార్డూ ఖాళీ, ఎఫ్‌డీలో మిగిలింది 60,000. నన్ను భయపెట్టేది ఈ లెక్క.

'ఇన్సూరెన్స్ ఉంది కదా' అంటారు. మీరు తిరిగే దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి తప్పనిసరిగా తీసుకునే 30,000 యూరోల కవర్ మీ వైద్యానికి, అనుకోనిది జరిగితే మిమ్మల్ని ఇంటికి చేర్చడానికి. వ్యాన్‌కి గీత పడితే దాంట్లోంచి రూపాయి రాదు. వ్యాన్‌తో వచ్చే కవర్‌లో మొదటి 2,000 యూరోల నష్టం మీది, ఆపైది వాళ్లది. ఇక్కడే చాలామంది ఒప్పందం చదవరు. టైర్లు, అద్దాలు, బండి కింది భాగం, పైకప్పు చాలా కంపెనీల మామూలు కవర్‌లో ఉండవు. వాటికి ఎక్సెస్ అనే హద్దు కూడా లేదు, ఎంతైతే అంతా మీరే కట్టాలి. డీజిల్ వ్యాన్‌లో పొరపాటున పెట్రోల్ కొట్టించినా అంతే.

పైకప్పుకి ఏమవుతుంది అంటారా? అక్కడ పార్కింగ్ గ్యారేజీ ముందు ఒక అడ్డపట్టీ వేలాడుతుంటుంది, దాని మీద 1.90 మీటర్లనో 2.00 మీటర్లనో రాసి ఉంటుంది. తొమ్మిది సీట్ల వ్యాన్ ఎత్తు ఇంచుమించు 2 మీటర్లు. బయట వాన, వెనక సీట్లో ఆకలి, 'పడుతుందిలే, పోనీ' అనే మిత్రుడు ఒకడు ఎలాగూ ఉంటాడు. పోనిస్తే ఆ బిల్లు మీ కార్డుకే వస్తుంది.

ఇటలీలో ఇంకో రకం. కోమో లాంటి పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని బండ్లు వెళ్లకూడని వీధులుంటాయి. జడ్‌టీఎల్ అంటారు. పోలీసు ఎవరూ ఆపరు, కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీసుకుంటుంది, అంతే. జరిమానా నోటీసు విదేశంలో ఉండేవాళ్లకు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. దానికన్నా ముందే, మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ వాళ్లు ఒక్కో నోటీసుకీ విడిగా ఫీజు మీ కార్డు నుంచి తీసుకుంటారు. వచ్చే సంక్రాంతికి మీ స్టేట్‌మెంట్‌లో 'ఇదేమిటి 45 యూరోలు' అని కనిపిస్తే, అప్పటికి ఆ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరైనా పలుకుతారా?

అందుకే నేను పట్టుబట్టేది ఒక్కటి. వ్యాన్‌కంటూ వేరే ఎమర్జెన్సీ ఫండ్ ఉండాలి, అది 8 మందీ వేసుకోవాలి. మనిషికి 25,000 చొప్పున 2 లక్షలు, మీ ఎక్సెస్‌కి సరిపోతుంది. బయల్దేరే ముందే వసూలు చేసి, విడిగా ఒక ఖాతాలో పెట్టండి. తిరిగొచ్చాక వెంటనే పంచేయకుండా కొన్ని నెలలు ఉంచండి, కారణం పైన చెప్పాను. అదనంగా కట్టి ఎక్సెస్‌ను సున్నా చేసుకునే కవర్ కంపెనీ ఇస్తే తీసుకోండి, ఖర్చు 8 మందికీ పంచండి. పైకప్పు, టైర్లు అందులో ఉన్నాయో లేదో అడగండి. బయట వెబ్‌సైట్‌లలో చౌకగా కనిపించే ఎక్సెస్ పాలసీలు కొన్ని యూరప్‌లో నివసించేవాళ్లకు మాత్రమే వర్తిస్తాయి, చూసుకోండి. రెండో డ్రైవర్ పేరు కూడా ఒప్పందంలో రాయించండి. పేరు లేనివాడు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ప్రమాదం జరిగితే కవర్ మొత్తం పోతుంది. ఇద్దరికీ ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి.

ఒకరికి వీసా రాకపోతే వ్యాన్, బసల్లో ఆయన వాటా తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది కూడా డబ్బు కట్టకముందే తేల్చుకోండి. వీసా ఫీజు 90 యూరోలు ఎలాగూ తిరిగి రాదు.

మీ బడ్జెట్‌లో కనిపించని చిన్న ఖర్చులు కొన్ని. స్విట్జర్లాండ్ హైవేల మీద వెళ్లడానికి కొనాల్సిన టోల్ స్టిక్కర్ ఏడాదికి 40 ఫ్రాంకులు, ఒక్కరోజుకీ అంతే. ఆస్ట్రియాది, స్లొవేనియాది వేరే. స్లొవేనియాలో ముందు చక్రం దగ్గర బండి ఎత్తును బట్టి టోల్ తరగతి మారుతుంది, కొనేముందు కంపెనీనే అడగండి. ఇటలీలో దూరాన్ని బట్టి టోల్. హాల్‌స్టాట్‌లో ఉండేది 750 మంది, వచ్చే జనం వేలల్లో. పగటిపూట బయటి బండ్లను ఊళ్లోకి రానివ్వరు, బయట పార్కింగ్‌లో గంటలెక్కన కట్టాలి. అన్నట్టు 8 మంది పెద్దవాళ్లు, 8 పెద్ద సూట్‌కేసులు పొట్టి వ్యాన్‌లో పట్టవు. పొడవు మోడల్ అడిగితే అద్దె మారుతుంది.

మరి వెళ్లొద్దా? వెళ్లండి, వచ్చే ఏడాది సెప్టెంబర్‌లో. ఇంకా 16 నెలలుంది. మిగిలే 28,000లో 18,000 ట్రిప్‌కి వేస్తే 2.88 లక్షలు. తక్కిన 10,000 ఎమర్జెన్సీ ఎఫ్‌డీకి కలిపితే 2.6 కాస్తా 4.2 లక్షలవుతుంది, అంటే మీ ఇంటికి సరిగ్గా ఆరు నెలల ఖర్చు. మధ్యలో వచ్చే బోనస్‌లోంచి వ్యాన్ ఫండ్‌కి మీ 25,000. రూపాయి అప్పు లేదు. ఈ 16 నెలల డబ్బు రికరింగ్ డిపాజిట్‌లో చాలు, షేర్ల జోలికి వద్దు. బంగారం మీద లోన్ గురించి ఇంట్లో ఎవరైనా అంటే దానికీ ఇదే జవాబు. హోమ్ లోన్‌కి తగ్గ టర్మ్ పాలసీ లేకపోతే ట్రిప్ డబ్బు దాచడం మొదలుపెట్టక ముందే అది తీసుకోండి.

ఈ ఏడాదే వెళ్లి తీరాలని మిగతావాళ్లు పట్టుబడితే, డబ్బు ఉన్నవాళ్లు వెళ్లనీయండి. ఖర్చు తగ్గించాలన్నా దారి ఉంది. హాల్‌స్టాట్‌కి రైలు దిగి పడవలో వెళ్లొచ్చు, మిలాన్ నుంచి వరెన్నాకి రైలు గంట పైచిలుకు ప్రయాణం. వ్యాన్ ఆస్ట్రియా వరకే పెట్టుకున్నా చాలు.

ఫ్లైట్ టికెట్లు కొన్నట్టు మీరు రాయలేదు. కొనకపోతే ఆగండి. వ్యాన్ బుకింగ్ ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఏ తేదీ వరకో ఈ రోజే చూడండి. గ్రూప్‌లో లోన్ సంగతి ఎత్తకుండా, ముందు ఆ 25,000 ఎవరెవరు వేస్తారో అడగండి. అది కూడా వేయలేనివాళ్లు ఎందరో తేలాక, వ్యాన్ ఎవరి పేరు మీద ఉండాలన్నది మళ్లీ మాట్లాడుకోవచ్చు.