లిఫ్ట్ చేసిన రాంగ్లర్‌కి ముందు డ్రైవ్‌షాఫ్ట్: 1310 ఆ, 1350 ఆ?

మీది 2014 జీప్ రాంగ్లర్ అన్‌లిమిటెడ్, ఆటోమేటిక్, మూడున్నర అంగుళాల లిఫ్ట్ (స్ప్రింగులు మార్చి బండిని ఎత్తడం), 35 అంగుళాల టైర్లు. ముందు యాక్సిల్‌కి శక్తిని తీసుకెళ్లే డ్రైవ్‌షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఆ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్‌పెట్టె) వైపు జాయింట్‌ని కప్పే రబ్బరు బూట్ చిరిగింది, షాపువాళ్లేమో 1350 (1310 కన్నా పెద్ద సైజు) యూ-జాయింట్ల షాఫ్ట్ వేయించుకోమంటున్నారు, అదే సరైనదా అని అడిగారు. నా సమాధానం: మీ బండికి 1310 చాలండీ. ఎందుకో చెప్తాను. ఈ విషయంలో డబ్బులు తగలేసి నేర్చుకున్నవాణ్ణి నేను.

నాది 2013 బండి, ఉండేది ఫీనిక్స్‌లో. ఓసారి సెడోనాలో బ్రోకెన్ యారో ట్రయల్ తిరిగి ఐ-17 మీద దిగివస్తుంటే మా ఆవిడ "ఏదో మాడుతోంది, వాసన రావట్లేదా?" అంది. ఆ దిగుడులో ముందు వెళ్లే ట్రక్కు బ్రేకులేమో అనుకున్నాను. ఇంటికొచ్చి టార్చి పట్టుకుని కిందకి దూరితే, ఎగ్జాస్ట్ పైపు మీదా బండి కింద రక్షణగా ఉండే స్కిడ్ ప్లేట్ మీదా నల్ల గ్రీజు ఒకే వరసలో చిమ్మి ఉంది. బూట్ మడతల్లో ఒకటి చాకుతో కోసినట్టు తెగింది.

ఫ్యాక్టరీ షాఫ్ట్‌కి ఆ వైపు ఉండేది ర్జెప్పా రకం జాయింట్. గిన్నెలాంటి దాంట్లో ఆరు ఉక్కు గుండ్లు గ్రీజులో తిరుగుతుంటాయి. మామూలు ఎత్తులో నిక్షేపంలా పనిచేస్తుంది. బండి ఎత్తింది మనం కాబట్టి కంపెనీని తిట్టి లాభం లేదు. కోణం పెరిగేకొద్దీ బూట్ మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. పైగా జేకే బండికి (మన ఇద్దరిదీ ఈ మోడలే) ముందు యాక్సిల్ విడిపోయే ఏర్పాటు లేదు కాబట్టి, టూవీల్‌లో నడిపినా ఆ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. గ్రీజు పోయిన జాయింట్ అలా ఎన్నాళ్లో ఆగదు.

అందుకే లిఫ్ట్ బళ్లకి డబుల్ కార్డన్ షాఫ్ట్ వేస్తారు: ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జంట యూ-జాయింట్, పినియన్ (యాక్సిల్‌లోకి శక్తినిచ్చే గేరు) వైపు ఒంటిది. ఇక్కడే నేను తప్పు చేశాను. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఒకటి తెప్పించి, శనివారం పొద్దున బిగించేశాను. వేగం గంటకి 60 మైళ్లు దాటగానే సీటు కింద సన్నగా వణుకు. టైర్లు మూడుసార్లు బ్యాలెన్స్ చేయించాను, తగ్గలేదు. చివరికి షాఫ్ట్ విప్పేసి అదే రోడ్డు మీద తోలి చూస్తే వణుకు మాయం. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, మొదటి రోజే చేసి ఉండాల్సింది.

తీరా చూస్తే సగం తప్పు నాదే. స్టీరింగ్ నిలకడగా ఉండాలని యాక్సిల్‌ని పట్టి ఉంచే అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లతో క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) ఆరు డిగ్రీలకి తెచ్చాను. క్యాస్టర్ పెంచితే పినియన్ ముక్కు కిందకి వాలుతుంది, రెండూ ఒకే హౌసింగ్ మీద ఉన్నాయి మరి. జంట జాయింట్ తన కోణాన్ని తనే సర్దుకుంటుంది కానీ, కింద ఉన్న ఒంటి జాయింట్‌కి షాఫ్ట్, పినియన్ దాదాపు ఒకే గీతలో ఉండాలి. క్యాస్టర్‌ని నాలుగున్నరకి దించితే వణుకు చాలావరకు పోయింది. మిగిలింది ఆ చవక షాఫ్ట్ బ్యాలెన్స్ లోపం, అది మార్చాకే వదిలింది. స్టీరింగ్ ఇప్పుడు కాస్త తేలిగ్గా ఉంటుంది, అలవాటైపోయింది.

ఇక 1310, 1350 సంగతి. 1350 యూ-జాయింట్ మధ్యలోని క్రాస్ (శిలువ ఆకారపు ముక్క) వెడల్పు మూడంగుళాల ఐదు బై ఎనిమిది, 1310ది మూడుంపావు కన్నా ఒక వెంట్రుక తక్కువ. 1350 బలమైనదే, కాదనను. కానీ 2012 నుంచి వచ్చిన 3.6 ఇంజిన్ బళ్లలో ఎగ్జాస్ట్ పైపు షాఫ్ట్‌కి మరీ దగ్గరగా పోతుంది. చక్రం కిందకి వేలాడినప్పుడు లావు షాఫ్ట్ వెళ్లి దానికి తగులుతుంది. అప్పుడు ఎగ్జాస్ట్‌కి స్పేసర్లు, లేదంటే ఆ పైపే మార్చడం... ఖర్చు మీద ఖర్చు. 37 టైర్లు, లాకర్లు (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసేవి), రూబికాన్ 4:1 లో గేరు ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టుకుని రాళ్లెక్కేవాళ్లకి 1350 న్యాయమే. మీది మామూలు 2.72:1 కేస్ అయి, 35 టైర్ల మీదే ఉంటే అనవసరం.

ఆర్డర్ పెట్టేముందు ఒక పూట బండి కింద గడపండి. ఫ్రేమ్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, స్వే బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పి, యాక్సిల్‌ని పూర్తిగా వేలాడనివ్వండి. షాఫ్ట్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పుతూ ఎగ్జాస్ట్‌కీ, ట్రాన్స్‌మిషన్ స్కిడ్‌కీ ఎంత సందుందో చూడండి. వేలు దూరకపోతే సందు లేనట్టే. షాఫ్ట్ రెండు చివర్లా బిగే ఫ్లాంజ్‌ల మధ్య దూరం బండి నేల మీద నిలబడ్డప్పుడు ఒకసారి, వేలాడినప్పుడు ఒకసారి కొలిచి, షాఫ్ట్ చేసేవాళ్లకి రెండు అంకెలూ ఇవ్వండి. "మూడున్నర లిఫ్ట్" అంటే వాళ్లకి సగమే తెలుస్తుంది, ఒక్కో కిట్ స్ప్రింగులు ఒక్కో ఎత్తున కూర్చుంటాయి. నేను రెండోసారి ఈ అంకెలిచ్చి కొలతకి చేయించుకున్నాను. యూటాలోని ఆగ్డెన్‌లో టామ్ వుడ్స్ లాంటివాళ్లు ఇదే పని చేస్తారు.

పినియన్ వైపు పాత ఫ్లాంజ్‌కే బిగేలా అడాప్టర్ ఉన్నది అడగండి. అడాప్టర్ లేకుండా ఆ ఫ్లాంజ్ తీసి యోక్ (యూ-జాయింట్‌ని పట్టే ముక్క) వేయాలంటే పినియన్ నట్ విప్పాలి, లోపల క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల బిగువు నిలిపే గొట్టం) బిగువు చెడితే కథ గేర్ల దాకా పోతుంది. జంట జాయింట్ మధ్యలో ఉండే బాల్‌కి గ్రీజు పెట్టడం మాత్రం మరిచిపోకండి, దానికి సూదిమూతి గ్రీజు నాజిల్ కావాలి. అందరూ వదిలేసేది అదే, కీచుమనేదీ అదే.

కొత్తది వచ్చేలోగా ఆ చిరిగిన దానితో హైవే ఎక్కొద్దు. జాయింట్ విడిపోతే షాఫ్ట్ ఊగిపోయి దొరికిందల్లా కొడుతుంది. రెండు చివర్లా బోల్టులు తీసి షాఫ్ట్‌ని గ్యారేజీలో పెట్టేయండి. ఫ్లాంజ్ అక్కడే ఉంటుంది కాబట్టి ఆయిల్ కారదు, టూవీల్‌లో హాయిగా ఆఫీసుకి వెళ్లిరావచ్చు.