పక్కింటివాళ్ళ చర్చి, ఫోస్టర్ పిల్లలు, మన వీసా

ప్రశ్న: మేం టెక్సస్‌కి వచ్చి ఏడాది దాటింది. మావారిది హెచ్‌వన్‌బి ఉద్యోగ వీసా, నాది దాని మీద భార్యకి వచ్చే హెచ్‌ఫోర్. నాకు ఉద్యోగం చేసే అనుమతి ఇంకా లేదు. మా పక్కింటి పెద్దావిడ, వాళ్ళ చర్చి నుంచి మొదలైన ఒక సంస్థలో ఫోస్టర్ పిల్లల (సొంత ఇంటి నుంచి తప్పించి వేరేచోట ఉంచిన పిల్లల) కోసం పనిచేస్తారు. గరాజ్‌లో మొదలైంది ఇప్పుడు మూడు కౌంటీలకు పెరిగిందట. నన్ను రమ్మంటున్నారు, చందా కూడా ఇవ్వమంటున్నారు. మేం హిందువులం. మతంలోకి లాగుతారేమోనని మా అత్తగారి భయం, వీసాకి ఇబ్బందేమోనని మావారి భయం. నాకైతే వెళ్ళాలనే ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: వెళ్ళండమ్మా. మీ ఇంట్లో ఇద్దరి భయాల్లోనూ అర్థం ఉంది, రెండింటి గురించీ చెప్తాను. అంతకంటే ముందు మీరు చూడాల్సింది ఇంకొకటుంది. ఆ సంస్థ మూడు కౌంటీలకు పెరిగిందంటున్నారే, పెరిగిందేమిటి? చందాలా, కరపత్రంలో వేసుకునే పిల్లల సంఖ్యా, లేక ఏటేటా మానకుండా తిరిగొచ్చే మనుషులా? ఈ మూడూ ఒకటి కాదు.

మనవాళ్ళలో ఫోస్టర్ కేర్ అనగానే గుర్తొచ్చేది సీపీఎస్, అంటే పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం. పిల్లాడి మీద చెయ్యి చేసుకుంటే తీసుకుపోతారట అని పాట్‌లక్కుల్లో కథలు చెప్పుకుంటాం. అలా తీసుకుపోయిన పిల్లలు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో మనం అడగం. 2022 సెప్టెంబరు చివరినాటి ప్రభుత్వ లెక్కలో దేశం మొత్తం మీద అలాంటి పిల్లలు 3,68,000 మందికి పైనే ఉన్నారు. వీళ్ళు అనాథలు కారు, చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. దెబ్బలకంటే ఎక్కువగా, పిల్లల్ని పట్టించుకోకపోవడం, పెద్దవాళ్ళ డ్రగ్స్ అలవాటు లాంటి కారణాలతో కోర్టుకెక్కిన కేసులివి. తల్లిదండ్రులు కుదుటపడితే పిల్లల్ని తిరిగి వాళ్ళకే అప్పగించాలన్నది కోర్టు మొదటి ప్రయత్నం. దాదాపు సగంమంది అలా ఇల్లు చేరతారు. కొందరిని బంధువులు తెచ్చుకుంటారు, కొందరిని దత్తత తీసుకుంటారు. ఏ దారీ కుదరనివాళ్ళు ఏటా వేలమంది. వాళ్ళు 18కో, కొన్ని రాష్ట్రాల్లో 21కో రాగానే వెనక ఎవరూ లేకుండా బయటికొస్తారు. 

ఇందులోకి చర్చిలు ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి మీరు దూరం వెళ్ళక్కర్లేదు. డాలస్‌లో తూర్పువైపు లూప్ 12 మీద వెళ్తే బక్నర్ బుల్వార్డ్ అని బోర్డులు కనిపిస్తాయి. ఆర్.సి. బక్నర్ అనే బాప్టిస్టు పాస్టరు పేరది. 1877లో పారిస్‌లో (ఫ్రాన్సుది కాదు, టెక్సస్‌లోనే ఒక ఊరు) చర్చి పెద్దలు ఓక్ చెట్టు కింద కూర్చున్నప్పుడు ఆయన టోపీలో ఒక డాలరు వేసి చుట్టూ తిప్పితే 27 డాలర్లు పోగయ్యాయని చెప్పుకుంటారు. 1879 డిసెంబరులో డాలస్‌లో ఒక అద్దె ఇంట్లో ముగ్గురు పిల్లలతో ఆశ్రమం తెరిచారు. 1897లో మగపిల్లల వసతిగృహం తగలబడి పిల్లలు చనిపోయారు. అయినా ఆయన ఆపలేదు. 1900లో గాల్వెస్టన్ తుఫానులో ఊరు తుడిచిపెట్టుకుపోయినప్పుడు అక్కడికెళ్ళి దిక్కులేని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు.

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో ఒక సమావేశం పెట్టారు. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని తల్లి నుంచి విడదీయకూడదని, విడదీయక తప్పకపోతే పెద్ద ఆశ్రమాలకంటే కుటుంబాలే మేలని అక్కడ తేల్చారు. అది ఆచరణలోకి రావడానికి దశాబ్దాలు పట్టిందనుకోండి. ఆ మార్పుతోపాటు బక్నర్ లాంటి సంస్థలూ మారాయి. హాస్టలు పోయి ఫోస్టర్ కుటుంబాలు, దత్తత, తల్లి దగ్గరే పిల్లలు ఉండేలా ఆ కుటుంబానికి సాయం, ఇంకోవైపు వృద్ధుల నివాసాలు వచ్చాయి.

ఈ రకం సంస్థలు ఎందుకు పెరుగుతాయో చెప్తే మీ పక్కింటావిడ గరాజ్ కథ కూడా అర్థమవుతుంది. ప్రభుత్వానికి చట్టం ఉంది, బడ్జెట్ ఉంది. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే మంచం మోసుకొచ్చే మనిషి మాత్రం లేడు. ఆ మనుషులు వారం వారం ఒకచోట కూడేది చర్చిలో. 1980లో షికాగోలో జార్జ్ క్లెమెంట్స్ అనే నల్లజాతి కేథలిక్ ఫాదర్ ఇదే కిటుకు పట్టుకున్నారు. ఒక్కో చర్చి నుంచి ఒక్క కుటుంబం ఒక్క బిడ్డని దత్తత తీసుకున్నా చాలన్నారు. చెప్పి ఊరుకోకుండా మరుసటేడు తనే ఒక అబ్బాయిని దత్తత తీసుకున్నారు. ఆ పద్ధతి వేరే రాష్ట్రాలకూ పాకింది. టెక్సస్ తూర్పున పోసమ్ ట్రాట్ అనే పల్లెలో ఒక చిన్న చర్చికి చెందిన 22 కుటుంబాలు 1990ల చివర్లో మొదలుపెట్టి 70 మందికి పైగా పిల్లల్ని దత్తత తీసుకున్నాయి. వాళ్ళేమీ డబ్బున్నవాళ్ళు కారు.

కాలిఫోర్నియాలో వేన్ టెష్, డయాన్ టెష్ అనే దంపతులు 1985లో ఫోస్టర్ పిల్లలకు వేసవి క్యాంపు పెట్టారు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలు, మొత్తం ఐదు రోజులు, అంతే. అందులో ఒక రోజు అక్కడున్న పిల్లలందరికీ కలిపి పుట్టినరోజు చేస్తారు. ఇల్లు మారి ఇల్లు తిరిగే పిల్లల పుట్టినరోజు ఎవరికి గుర్తుంటుంది? నాకు ఆ క్యాంపులో అన్నిటికంటే నచ్చేది అదే. అది పెరిగిన తీరు కూడా గమనించండి: శిక్షణ, పద్ధతులు కేంద్రం ఇస్తుంది, మనుషుల్నీ డబ్బునీ ఏ ఊరి చర్చి ఆ ఊళ్ళోనే సమకూర్చుకుంటుంది. కాన్సస్ సిటీ నుంచి మొదలైన కేర్‌పోర్టల్ అనే ఆన్‌లైన్ వేదికది ఇంకో దారి. అమ్మమ్మ పిల్లాణ్ణి తెచ్చుకుంటానంటుంది, కానీ ఇంట్లో వాడికి వేరే మంచం లేదు. పిల్లాడి కేసు చూసే ఉద్యోగి (కేస్‌వర్కర్) ఆ అవసరాన్ని నిర్ధారించి అందులో పెడితే చుట్టుపక్కల చర్చిలకు కబురు వెళ్తుంది, ఎవరి దగ్గరుంటే వాళ్ళు తీసుకెళ్తారు. ఒక్క మంచం లేక పిల్లాడు పరాయి ఇంటికి పోవాల్సి రావడం అమెరికాలో కూడా జరిగేదే.

ఇక మీ అత్తగారి భయం. ప్రభుత్వం నేరుగా ఇచ్చే డబ్బుతో ప్రార్థనలు, మతబోధ చెయ్యకూడదని ఫెడరల్ నియమం ఉంది. సొంత చందాలతో నడిచేవాళ్ళకు ఆ అడ్డు లేదు, కాబట్టి మీటింగు మొదట్లో ప్రార్థన చేస్తారు. మీరు మౌనంగా నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆదివారం చర్చికి రమ్మని ఎవరైనా పిలుస్తారు, నవ్వి వద్దంటే సరిపోతుంది. మనం దీపావళికి పిలవమా? వాలంటీరు ఫారంలో విశ్వాస ప్రకటన మీద సంతకం అడిగితే మాత్రం చదవకుండా పెట్టకండి. నమ్మనిదాని మీద సంతకం వద్దు, ఆ సంతకం అవసరం లేని పని ఏముందో అడగండి.

ఫోస్టర్ తల్లిదండ్రులుగా నమోదవ్వాలంటే కథ వేరు. 2021లో టెన్నెసీలో ఒక యూదు దంపతులు శిక్షణకి వెళ్తే, తమ విశ్వాసంవాళ్ళకే ఇస్తామని ఒక క్రైస్తవ సంస్థ వెనక్కి పంపింది. అది కోర్టుకెక్కింది. మత విశ్వాసం ప్రకారం నడుచుకునే పిల్లల సంస్థలకు రక్షణ ఇచ్చే చట్టం టెక్సస్‌లోనూ 2017లో వచ్చింది. అంచేత ఎప్పటికైనా ఆ ఆలోచన ఉంటే మొదటి ఫోన్‌లోనే మా మతం ఇది, సమ్మతమేనా అని అడిగెయ్యండి. కాదంటే మతంతో సంబంధం లేని ఏజెన్సీలు బోలెడున్నాయి. కాసా అనేది కూడా మత సంస్థ కాదు. 1977లో సియాటిల్‌లో డేవిడ్ సౌకప్ అనే జడ్జి, పిల్లల తరఫున కోర్టుకి నిజం చెప్పే మామూలు మనిషి ఒకరుండాలని మొదలుపెట్టారు. దాదాపు 30 గంటల శిక్షణ ఇచ్చి ఒక బిడ్డ కేసు అప్పగిస్తారు.

వీసా సంగతి. నమోదైన ధార్మిక సంస్థలో, అక్కడ ఎవరికీ జీతం ఇవ్వని పని, మీరూ ఏమీ పుచ్చుకోకుండా చేస్తే హెచ్‌ఫోర్‌కి ఇబ్బంది లేదు. జీతం ఇచ్చే పనిని మీరు ఉచితంగా చేస్తే ఇబ్బందే. వాళ్ళ వెబ్‌సైట్ చూస్తారా, అకౌంట్స్ రాస్తారా అని అడిగితే, ముందు అది ఎవరి ఉద్యోగమో కనుక్కోండి. గిఫ్ట్ కార్డులు, పెట్రోలు కార్డులు ఇస్తామన్నా వద్దనండి. అనుమానం ఉన్నచోట లాయరుకి కట్టే ఫీజు దండగ కాదు. పిల్లల దగ్గరికి వెళ్ళే ఏ పనికైనా వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ ఉంటాయి. మీకు ఎస్సెస్సెన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదని ముందే చెప్తే వాళ్ళు వేరే దారి చూస్తారు, లేకపోతే ఫారం ఎక్కడో ఆగి మీరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇండియా పోలీస్ క్లియరెన్స్ అడగొచ్చు కూడా, అది కాన్సులేట్ ద్వారా తెప్పించుకోవచ్చు.

ఏ పని ఎంచుకోవాలి? ఇక్కడ నాది కాస్త కఠినమైన అభిప్రాయం. ఒక బిడ్డకి తోడుగా ఉండే మెంటరుగా మాత్రం ఇప్పుడే వెళ్ళొద్దు. ఆ పిల్లలు ఇప్పటికే ఇళ్ళు, బళ్ళు, కేస్‌వర్కర్లు మారీ మారీ ఉన్నారు. ఆర్నెల్లు ప్రేమగా వచ్చి, తర్వాత మావారికి సియాటిల్ ట్రాన్స్‌ఫర్ అయిందని మీరు మాయమైతే ఆ జాబితాలో ఇంకో పేరు చేరుతుంది. లేఆఫ్‌కి 60 రోజుల్లో సర్దుకోవాల్సిన మనం అలాంటి మాట ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు వచ్చి, ఇల్లు కుదిరాక చూద్దురుగాని. 

ఇప్పటికి చేతి పని చాలు. ఫోస్టర్ కుటుంబానికి వారానికో పూట భోజనం చేసి పంపండి, కారం తగ్గించి. 18 నిండిన కుర్రాడికి అపార్ట్‌మెంట్ సర్దిపెట్టండి. ఇల్లు మారేటప్పుడు పిల్లలు బట్టలు చెత్త సంచుల్లో మోసుకెళ్తారని ఇక్కడ తరచూ వింటాం. మన ఇళ్ళలో చూస్తే ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు గరాజ్ నిండా! చక్రాలు బాగున్నవి తీసుకుంటారేమో అడగండి, కొన్ని సంస్థలు కొత్తవే కావాలంటాయి.

వీటన్నిటికంటే మనకు బాగా చేతనైన పని ఒకటుంది. ఫారాలు నింపడం. హెచ్‌వన్ కుటుంబాలకంటే కాగితాలు తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఎవరున్నారు? 13 ఏళ్ళు నిండాక ఎప్పుడైనా ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళు కాలేజీ ఆర్థిక సాయం ఫారం ఫాఫ్సాలో తల్లిదండ్రుల ఆదాయం చూపించక్కర్లేదు. చదువుకి ఏటా 5,000 డాలర్ల దాకా ఫెడరల్ వోచరు ఉంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో అర్హులైన ఫోస్టర్ పిల్లలకు ట్యూషన్ ఫీజు మాఫీ. 18 నిండేనాటికి కేర్‌లో ఉన్నవాళ్ళకు 26 ఏళ్ళ దాకా మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా. ఇన్ని ఉన్నా, పక్కన కూర్చుని ఆ ఫారం నింపించే మనిషి లేక వదులుకునేవాళ్ళున్నారు. సంస్థ వాళ్ళు ఏర్పాటు చేసి పిలిస్తే ఒక శనివారం మధ్యాహ్నం పని ఇది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళలో పుట్టినరోజుకి ఆశ్రమానికెళ్ళి పళ్ళూ రొట్టెలూ పంచి, పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం. ఇక్కడ అది కుదరదు. ఫోస్టర్ పిల్లల ముఖం, పేరు, బడి, ఏదీ బయటికి రాకూడదు, తెలుగు సంఘం సావనీరులోకి కూడా. (అక్కడ కూడా మానేస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.) ఇంకోటి, టెక్సస్‌లో ఏ పిల్లవాణ్ణైనా హింసిస్తున్నారని అనుమానం వస్తే చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం ప్రతి మనిషికీ ఉంది, మీ వీసా ఏదైనా సరే.

చందా ఇచ్చేముందు ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) సైట్‌లో సంస్థ పేరు వెతికి, అది ఏటా ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990 తెరవండి. మొదటి పేజీలోనే నిరుటి అంకెలు, ఈ ఏటి అంకెలు పక్కపక్కన ఉంటాయి. లోపల ఖర్చుల పేజీలో సేవకెంత, ఆఫీసుకెంత, చందాలు వసూలు చేయడానికెంత అని మూడు నిలువు వరుసలుంటాయి. పెద్దవాళ్ళ జీతాలు కూడా కనిపిస్తాయి. ఏడాదికి 50,000 డాలర్ల లోపు వచ్చే చిన్న సంస్థలు పోస్టుకార్డంత వివరమే ఇస్తాయి. చర్చిలైతే అసలు ఇవ్వక్కర్లేదు, కాబట్టి మీరు రాసే చెక్కు చర్చి పేరు మీదా, సంస్థ పేరు మీదా అన్నది చూసుకోండి. పలు పనులు చేసే సంస్థ అయితే మొత్తం ఆదాయం పెరిగితే పిల్లల పని పెరిగినట్టు కాదు, కార్యక్రమాల వివరాలు విడిగా చదవండి. మేం 5,000 మంది పిల్లల్ని తాకాం లాంటి మాట కనబడితే, అందులో బ్యాగు పంచిన బిడ్డా, ఏడాదంతా తోడున్న బిడ్డా ఒకే లెక్కలో ఉన్నారేమో అడగండి. నేనైతే కోఆర్డినేటరుని ఒక్కటే అడుగుతాను: నిరుటి వాలంటీర్లలో ఈ ఏడు ఎంతమంది మళ్ళీ వచ్చారు? వెంటనే జవాబొస్తే ఆ సంస్థకి తన మనుషులు తెలుసు. తడుముకుంటే, మూడో కౌంటీకి కాస్త తొందరపడ్డారనుకుంటాను.

250 డాలర్లు, ఆపైన ఇస్తే రాతపూర్వకమైన రసీదు తప్పనిసరి. మనలో ఎక్కువమంది పన్నులో అందరికీ ఒకేలా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం కాబట్టి 2025 దాకా మామూలుగా చిన్న చందాలకు పన్నులో కలిసొచ్చేది కాదు. 2026 నుంచి అలాంటివాళ్ళకు కూడా నగదు విరాళంలో దంపతులకు 2,000 డాలర్ల దాకా మినహాయింపు ఇస్తున్నారు. మీవారి కంపెనీ విరాళానికి సమానంగా కలిపే పథకం ఉందేమో కనుక్కోమనండి. మతబోధకి ఇవ్వం గానీ మత సంస్థలు చేసే సేవకి ఇస్తామనే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ దరఖాస్తు మాత్రం డిసెంబరు ఆఖరి వారానికి వదిలిపెట్టకండి, అప్పటికి గడువు దాటిపోవచ్చు.