కన్‌ఫౌండర్‌ను సరిగ్గా కొలవనప్పుడు పి-విలువను నమ్మవచ్చా?

రెండు అంశాలతోనూ ముడిపడి, వాటి మధ్య లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపించగల మూడో అంశమే కన్‌ఫౌండర్; కాఫీకీ ఊపిరితిత్తుల బలహీనతకూ మధ్య పొగతాగే అలవాటు అలాంటిది. రిగ్రెషన్‌లో (ఇతర అంశాల ప్రభావాన్ని సర్దుబాటు చేసి సంబంధాన్ని అంచనా వేసే గణాంక పద్ధతిలో) పొగతాగే అలవాటును చేర్చిన తర్వాత కూడా కాఫీకీ ఊపిరితిత్తుల బలహీనతకూ సంబంధం సార్థకమని తేలితే, అంటే సంబంధమే లేకపోతే ఇంత బలమైన ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత (పి-విలువ) చాలా తక్కువగా ఉంటే, అది నిజమైన ప్రభావమేనా అన్నది ప్రశ్న. కాకపోవచ్చు. రిగ్రెషన్ సర్దుబాటు చేసేది అసలు పొగతాగే అలవాటుకు కాదు, ప్రశ్నావళిలో జవాబిచ్చినవారు గుర్తున్నంత మేరకు, ఒప్పుకున్నంత మేరకు చెప్పిన సిగరెట్ల లెక్కకు మాత్రమే. ఆ కొలతకు అందని భాగం కాఫీ ఖాతాలో పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. కాఫీకి ఏ ప్రభావమూ లేదనీ, పొగతాగడానికి కాఫీతోనూ, ఊపిరితిత్తుల బలహీనతతోనూ 0.5 చొప్పున సహసంబంధం ఉందనీ అనుకుందాం. అప్పుడు కాఫీకీ బలహీనతకూ మధ్య పైకి కనిపించే సహసంబంధం 0.25. పొగతాగడాన్ని దోషం లేకుండా కొలిస్తే సర్దుబాటు తర్వాత అది సున్నా అవుతుంది. కొలత విశ్వసనీయత (కొలతలో కనిపించే తేడాల్లో నిజమైన తేడాల వాటా) 0.7 అయితే మాత్రం దాదాపు 0.09 మిగులుతుంది. వందమంది నమూనాలో ఇది సాధారణంగా సార్థకత దాకా రాదు, కానీ అదే 0.09 వెయ్యిమందిలో కనిపిస్తే పి-విలువ 0.01 కంటే తగ్గిపోతుంది. నమూనా పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుందే తప్ప ఈ పక్షపాతం (ఒకే వైపుకు మొగ్గే దోషం) తగ్గదు, పైగా తప్పుడు నిర్ధారణే బలపడుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

కన్‌ఫౌండర్లు అనేకమైతే పక్షపాతం ఏ దిశలో ఉంటుందో కూడా ముందుగా చెప్పలేం. రక్తంలో కోటినిన్ (శరీరంలో నికోటిన్ నుంచి ఏర్పడే పదార్థం) వంటి రెండో కొలతను చేర్చి కొలత దోషాన్ని గణాంక మోడల్‌లోనే లెక్కగట్టడం మేలు. అది వీలుకాకపోతే, విశ్వసనీయత 0.9, 0.8, 0.7 అయితే ఫలితం ఎంతవరకు నిలుస్తుందో లెక్కించి చూపాలి.