కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి డ్రాఫ్ట్‌కి ముందు అంచనా వేయాలంటే: బంతిని వదిలేసి చూడండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కాలేజీలో అదరగొట్టిన కుర్రాడు అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడో లేదో డ్రాఫ్ట్‌కి ముందే ఎలా తెలుస్తుంది? టీవీలో చూసే మనలాంటివాళ్లకి అది అంతుపడుతుందా? నేను ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్‌లోని లబ్బక్ వచ్చేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా తెలీవు. ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాను. కౌబాయ్స్ జట్టు ప్రధాన కేంద్రం ఇక్కడే, మన తెలుగువాళ్లూ ఇక్కడ బోలెడంత మంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నా సాయంత్రాలన్నీ ఈ పిచ్చికే పోతాయి, ఇంట్లో చివాట్లు తింటూనే. ఏ జట్టులోనూ పనిచేసినవాణ్ణి కాను, కాబట్టి కింద రాసేది ఒక అభిమాని చూసి చూసి తేల్చుకున్న సంగతి.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేదే డ్రాఫ్ట్. ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తలకిందులు చేసినట్టన్నమాట: కిందటి సీజన్లో అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టు అందరికన్నా ముందు ఎంచుకుంటుంది. 32 జట్లు, 7 రౌండ్లు, ఏప్రిల్ నెలాఖరున. హైస్కూల్ అయిపోయి మూడేళ్లు గడిస్తేగానీ ఆటగాడికి అర్హత రాదు.

అసలు పనల్లా ఒకటే. మనం చూస్తున్న ఆటలో ఆ కుర్రాడిది ఎంత, కోచ్‌ది ఎంత, పక్కనున్నవాళ్లది ఎంత అన్నది విడదీయాలి. చెప్పడం తేలికే.

నేను లబ్బక్‌లో ఉండగా అక్కడి యూనివర్సిటీ టెక్సాస్ టెక్‌కి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మేటి అయినవాడు. 2016 అక్టోబరు 22న ఓక్లహోమాతో ఆట. కిక్‌ఆఫ్ పడగానే స్టూడెంట్లంతా మైదానంలోకి టోర్టియాలు (మెక్సికన్ రొట్టెలు) విసిరేవారు, అక్కడి ఆచారం అది. ఆ రాత్రి మహోమ్స్ పాస్‌లతోనే జట్టుని 734 గజాలు ముందుకి నడిపాడు. అయినా మావాళ్లు 66-59తో ఓడిపోయారు! అటువైపు క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, తర్వాత 2018 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు. అంత ఆట చూసి కూడా మా క్లాస్‌మేట్ ఒకడు పెదవి విరిచాడు. వెస్ట్ టెక్సాస్ కుర్రాడు, హైస్కూల్లో అఫెన్సివ్ లైన్‌లో (క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే ముందు వరసలో) ఆడినవాడు. "ఇక్కడ అందరూ ఇలాగే విసురుతారు" అన్నాడు.

అందులో నిజముంది. మైక్ లీచ్ కోచ్‌గా ఉన్న రోజుల నుంచి టెక్సాస్ టెక్‌ది 'ఎయిర్ రెయిడ్' పద్ధతి, రన్ తక్కువ, పాస్ ఎక్కువ. 2003లో బీజే సైమన్స్ అక్కడే ఒక్క సీజన్లో 5,833 గజాలు విసిరాడు. డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్ దాకా ఎవరూ పలకలేదు. తర్వాత గ్రాహమ్ హారెల్ కూడా గుట్టలుగా గజాలు పోగేశాడు, 2009లో అతణ్ణి ఒక్క జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. మహోమ్స్ కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ సైతం అదే బడిలో తయారైన క్వార్టర్‌బ్యాక్, 2003లో ఆరో రౌండ్ ఎంపిక. కాబట్టి స్కౌట్లు (జట్ల తరఫున ఆటగాళ్లని అంచనా వేసేవాళ్లు) మహోమ్స్ లెక్కల్ని చూసి "అది పద్ధతి గొప్పతనం" అని అనుమానించడంలో తప్పేమీ లేదు.

మరి తేడా ఎక్కడ కనిపిస్తుంది? గీసుకున్న పథకం చెడిపోయినప్పుడు. లైన్‌మెన్ కాపలా కాసే పాకెట్ కూలిపోయి, పాస్ అందుకోవాల్సిన మొదటి రిసీవర్ దొరక్క, క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెడుతూ ఒంటికాలి మీద విసిరిన బంతి 40 గజాల అవతల రిసీవర్ ఛాతీ మీద పడిందనుకోండి. అది ఏ కోచ్ కాగితం మీదా ఉండదు. మహోమ్స్ ఆటలో అలాంటివి వారంవారం కనబడేవి. స్క్రీన్ పాస్‌లనీ (దగ్గర్లోనే అందించే పొట్టి పాస్‌లు), ముందే రాసిపెట్టిన తేలిక త్రోలనీ తీసేసి మిగిలినవాటిని మాత్రమే చూడటం నాకు అక్కడే అలవాటైంది. 2017లో షికాగో బేర్స్ మూడో స్థానం నుంచి రెండుకి ఎగబాకి మరీ మిచ్ ట్రుబిస్కీని తీసుకుంది. అతను నార్త్ కరొలైనాలో క్వార్టర్‌బ్యాక్‌గా మొదటినుంచీ దిగిన ఆటలు 13 మాత్రమే. మహోమ్స్ 10వ స్థానంలో కాన్సాస్ సిటీకి వెళ్లాడు.

ఆ క్లాస్‌మేటే నేర్పిన ఇంకో సంగతి: బంతిని చూడొద్దు. మీ కన్ను ఎప్పుడూ బంతి వెంటే పోతుంది, బంతి చేరేసరికి కథ అయిపోయి ఉంటుంది. ఒక్క ఆటగాణ్ణి ఎంచుకుని, ఆట మొత్తం అతని మీదే కన్నుంచండి. టీవీలో ఇందుకు బాగా వీలయ్యేది లైన్‌మెన్ విషయంలోనే, ఎందుకంటే స్నాప్ (బంతి ఆటలోకి వచ్చే క్షణం) అప్పుడు వాళ్లెప్పుడూ ఫ్రేమ్‌లోనే ఉంటారు. రిసీవర్లూ, వెనక కాపలా కాసే సేఫ్టీలూ మాత్రం తెర అవతలికి పోతారు. వాళ్లని తూకం వేయాలంటే మైదానంలోని 22 మందీ కనిపించే ఆల్-22 ఫిల్మ్ కావాల్సిందే. యూట్యూబ్ హైలైట్స్ చూసి, రిసీవర్లని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ గురించి వాదించేవాళ్లతో నేను వాదనకి దిగను.

అఫెన్సివ్ లైన్‌లో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ ట్యాకిల్‌ని చూస్తున్నారనుకోండి. మొదట పాదాలు చూడండి. స్నాప్ కాగానే వెనక్కి జరిగే అడుగులు పొట్టిగా, నేలకి అంటుకుని ఉన్నాయా, లేక గెంతుతున్నాడా? తర్వాత నడుము. ఎదుటివాడు బయటి నుంచి వస్తున్నట్టు నటించి లోపలికి తిరిగినప్పుడు నడుము వంచి మీద వాలిపోయేవాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి నెలలోనే దొరికిపోతాడు. ఆ తర్వాతే చేతులు. చేతి పొడవు గురించి ఏటా గోల జరుగుతుంది. 2025లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ట్యాకిల్ విల్ క్యాంప్‌బెల్ చేతులు కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లని కొలిచి, పరిగెత్తించి చూసే పరీక్షలో) 33 అంగుళాలకి కాస్త తక్కువ తేలాయి, ఇక లైన్‌లో లోపలివైపు గార్డ్‌గా ఆడాల్సిందేనన్నారు. న్యూ ఇంగ్లండ్ నాలుగో స్థానంలో తీసుకుని ట్యాకిల్‌గానే ఆడించింది. అంతకు ముందు రషాన్ స్లేటర్ చేతులూ 33 అంగుళాలే, మొదటి సీజన్లోనే పేరు తెచ్చుకున్నాడు. నా వరకు నేను టేపు కొలతకన్నా పాదాలనే నమ్ముతాను.

ఏ ఆట చూడాలన్నది కూడా ముఖ్యమే. బలహీనమైన జట్టు మీద కొట్టిన ఆట చూస్తే ఏమీ తెలీదు. ట్యాకిల్‌ని చూడాలంటే, అవతల తానూ డ్రాఫ్ట్‌కి వెళ్లబోయే పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు) ఉన్న ఆట వెతకండి. క్వార్టర్‌బ్యాక్‌ని చూడాలంటే పరాయి మైదానంలో ఆడి ఓడిన ఆట చూడండి. శాక్‌లన్నీ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) లైన్ తప్పేనని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు బంతిని వదలకుండా పట్టుకు కూర్చున్న క్వార్టర్‌బ్యాక్‌దే తప్పు. ఆ అలవాటు పైస్థాయికీ వెంట వస్తుంది.

కాలేజీ ఆటకీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కీ మైదానం ఒకటే అయినా గీతలు వేరని చాలామంది గమనించరు. ప్రతిసారీ బంతిని పెట్టే చోటుకి హద్దులైన హ్యాష్ మార్కుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. అందుకే కాలేజీలో బంతిని ఒక అంచున పెట్టి ఆడుతుంటే, మరో వైపు ఎకరాలకెకరాలు ఖాళీగా ఉంటుంది. అక్కడ స్వేచ్ఛగా పరిగెత్తిన రిసీవర్‌కి ఇక్కడ ఆ చోటు దొరకదు. పైగా పాస్ ఆటల్లో లైన్‌మెన్ కాలేజీలో మూడు గజాలు ముందుకి పోవచ్చు, ఇక్కడ ఒక గజమే. రన్-పాస్ ఆప్షన్ (పరుగా, పాసా అన్నది స్నాప్ అయ్యాకే తేల్చుకునే ఆట) మీద బతికిన కాలేజీ అఫెన్స్‌లు పైకొచ్చాక తడబడటానికి ఇదొక కారణం.

ఇక కంబైన్. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపోలిస్‌లో జరిగే ఆ జాతరలో 40 గజాల పరుగే హీరో. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి రికార్డు కొట్టాడు, సిన్సినాటీ 9వ స్థానంలో తీసుకుంది, మొదటి సీజన్లో ఒక్క క్యాచ్ కూడా లేదు. అదే డ్రాఫ్ట్‌లో 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కప్ మూడో రౌండ్ దాకా ఆగాడు. 2021 సీజన్లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు అతనే. తర్వాత దిగ్గజ క్వార్టర్‌బ్యాక్ అయిన టామ్ బ్రేడీ 5.28 సెకన్లూ, డ్రాఫ్ట్‌లో 199వ స్థానమూ ఇక్కడ అందరికీ తెలిసిన కథే. వేగం అక్కర్లేదని అనను. పాస్ రషర్‌కి ఆ పరుగులో మొదటి 10 గజాల సమయం నిజంగా పనికొస్తుంది. తన పరుగు దారి (రూట్) మలుపు దగ్గర రిసీవర్ ఎంత చప్పున ఆగగలడో మాత్రం ఏ స్టాప్‌వాచీ చెప్పదు.

వయసు కూడా చూసుకోండి. కోవిడ్ వల్ల అదనపు ఏడాది దొరకడం, 2021 నుంచి కాలేజీలోనే డబ్బు సంపాదించే వీలు రావడంతో 24 ఏళ్లవాళ్లు 19 ఏళ్ల పిల్లల మీద చెలరేగడం మొదలైంది. ఆ లెక్కల్ని సగానికి కోసి చూడాలి. క్లీవ్‌లాండ్ 2012లో 22వ స్థానంలో తీసుకున్న బ్రాండన్ వీడెన్‌కి అప్పటికే 28 ఏళ్లు!

ఇవన్నీ పాటించినా లొంగని కేసులుంటాయి. వయోమింగ్ కాలేజీ జట్టులో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ విసిరిన పాస్‌లలో చేరినవి 56 శాతమే. ఇంత గురి లేనివాడు బాగుపడడని లెక్కల మనుషులంతా అన్నారు, వాళ్ల వాదన గట్టిదే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2020కల్లా అది 69 శాతానికి చేరింది. అతణ్ణి తీసుకున్న బఫెలో జట్టు అతని కోసం ఓపికగా రెండేళ్లు కష్టపడింది, మంచి రిసీవర్‌ని తెచ్చిపెట్టింది. మహోమ్స్ కూడా మొదటి ఏడాది అలెక్స్ స్మిత్ అనే సీనియర్ వెనక బెంచీ మీద కూర్చుని, ఒక్క ఆటలోనే మొదటినుంచీ దిగాడు. వెళ్లే జట్టు ఏదో తెలియకుండా వేసే అంచనా ఎప్పుడూ సగమే.

జట్లకైనా ఇంతకన్నా బాగా తెలుసా అంటే, రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే ఇద్దరు ఆచార్యులు పాత డ్రాఫ్ట్‌లు తిరగేసి చూశారు. ఒకే పొజిషన్‌లో ఆడుతూ వరసగా ఎంపికైన ఇద్దరిలో ముందువాడు తర్వాతవాడికన్నా మెరుగ్గా తేలింది 52 శాతం సార్లే. అందుకే మాక్ డ్రాఫ్ట్‌లు (ఎవరు ఎవర్ని ఎంచుకుంటారో ముందే ఊహించి రాసే జాబితాలు) చదవకముందే మీ అభిప్రాయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చదివాక రాస్తే అది మీ అభిప్రాయం కాదు.

మనకి ఎప్పటికీ అందనిది వైద్య పరీక్షల ఫలితం. డ్రాఫ్ట్ రోజు ఎవరైనా ఉన్నట్టుండి కిందికి జారుతుంటే టీవీలో ప్రవర్తన గురించి మాట్లాడతారు గానీ, నేను ముందు మోకాలు గురించి ఆలోచిస్తాను. నోటర్ డేమ్ లైన్‌బ్యాకర్ జేలన్ స్మిత్‌కి 2016 జనవరి 1న ఆడిన ఆటలో మోకాలు చితికి నరం దెబ్బతింది. తొలి రౌండ్లో పైన ఉండాల్సినవాడు 34వ స్థానానికి జారాడు. తీసుకున్నది కౌబాయ్స్. ఒక సీజన్ మొత్తం బెంచీ మీదే కూర్చోబెట్టారు, 2019లో లీగ్ మేటి ఆటగాళ్లకి దక్కే ప్రో బౌల్‌కి వెళ్లాడు. మిగతా జట్ల దగ్గర పరీక్షల రిపోర్టులు మాత్రమే ఉన్నాయి. ఆ మోకాలికి ఆపరేషన్ చేసింది మాత్రం కౌబాయ్స్ జట్టు డాక్టరే.