5 హెచ్‌పీ మోటారుకు 3 మాడ్యూల్ గేర్లు ఆగుతాయా?

మీరు రాసిన వివరాలు: 5 హెచ్‌పీ, అంటే 3.7 కిలోవాట్లు, 1440 ఆర్‌పీఎం, మాడ్యూల్ (పన్ను సైజును చెప్పే కొలత) 3, పినియన్ (చిన్న గేరు) 18 పళ్లు, గేరు 54 పళ్లు, వెడల్పు 30 ఎంఎం, 20 డిగ్రీల స్పర్ (నిటారు పళ్ల గేరు), రెండూ ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు). పన్ను విరగదు గానీ పిట్టింగ్ (పన్ను ముఖం మీద చిన్న గుంటలు) వచ్చి పాడవుతుంది.

పినియన్ పిచ్ వ్యాసం (రెండు గేర్లు కలిసే ఊహా వలయం వ్యాసం, 3 × 18) 54 ఎంఎం, పిచ్ లైన్ వేగం సెకనుకు 4.07 మీటర్లు. 3700 వాట్లను ఆ వేగంతో భాగిస్తే పన్ను మీద పడే బలం 909 న్యూటన్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు ప్రమాదం అదే. మామూలుగా కోసిన గేరుకు వేగం వల్ల తగిలే దెబ్బలుంటాయి. అందుకు ఆ బలాన్ని బార్త్ ఫ్యాక్టర్ (వేగానికి సవరణ) 3/(3+4.07) = 0.424తో భాగించి, ఓ మాదిరి షాక్ లోడుకు 1.5తో గుణించండి. 3215 న్యూటన్లు తేలుతుంది, మూడున్నర రెట్లు.

పన్ను విరుగుతుందో లేదో చూసే లూయిస్ సూత్రంలో 18 పళ్లకు ఫారం ఫ్యాక్టర్ (పన్ను ఆకారాన్ని బట్టి వచ్చే అంకె) 0.309. పన్ను మొదట్లో ఒత్తిడి 3215 ÷ (30 × 3 × 0.309) = 116 మెగాపాస్కల్స్. నార్మలైజ్ చేసిన ఈఎన్8 తన్యబలం సుమారు 600, అందులో మూడో వంతు 200 దాకా పర్వాలేదు. రెండూ ఒకే లోహం కాబట్టి పినియన్‌ను చూస్తే చాలు.

ఇక అరుగుదల. బకింగ్‌హామ్ లెక్కలో తట్టుకునే బలం = వ్యాసం × వెడల్పు × నిష్పత్తి ఫ్యాక్టర్ × కె (లోహం గట్టిదనాన్ని బట్టి వచ్చే అంకె). ఇక్కడ నిష్పత్తి ఫ్యాక్టర్ 2×54/(54+18) = 1.5. 200 బీహెచ్‌ఎన్ (బ్రినెల్ గట్టిదనం అంకె) ఉక్కుకు కె = 0.16 × 2² = 0.64. మొత్తం 1555 న్యూటన్లే, కావలసిన దాంట్లో సగం కూడా లేదు.

మాడ్యూల్ 4కు, వెడల్పు 40కి పెంచినా 2765 వస్తుంది, కావలసింది 2873. నేనైతే సైజు జోలికి పోను. రెండు గేర్లూ ఈఎన్24 (నికెల్-క్రోమియం మిశ్రమ ఉక్కు)లో చేయించి, హార్డెనింగ్, టెంపరింగ్‌తో 300 బీహెచ్‌ఎన్‌కు తెప్పిస్తాను. అప్పుడు పాత సైజులోనే 3499 వస్తుంది. నడిపేది జా క్రషర్ (రాళ్లు నలగ్గొట్టే యంత్రం) లాంటిదైతే మాత్రం షాక్ లోడుకు 1.5 చాలదు, 2 పెట్టండి. అప్పుడు కనీసం 335 బీహెచ్‌ఎన్ కావాలి.

బిగించాక పళ్లకు బ్లూ (ముద్ర చూసే నీలిరంగు) పూసి చేత్తో తిప్పి చూడండి. ముద్ర ఒక అంచునే పడితే భారమంతా ఆ మూల మీదే, ఆ మూల ముక్కగా ఊడిపోతుంది. పళ్లను ఫైలుతో అరగదీయకుండా బేరింగ్ బోర్లు సమాంతరంగా ఉన్నాయో లేదో ముందు కొలవండి.