ఆకు లేని చెట్టుకు అన్ని పూలా?

ప్రశ్న: మా కాలేజీలో హాస్టల్ నుంచి క్లాసులకు నడిచే దారిలో రెండు పెద్ద చెట్లున్నాయి. ఆకులన్నీ రాలి మోడైపోతే ఎండిపోయాయనే అనుకున్నాం. తీరా ఫిబ్రవరి చివర్లో చూస్తే ఒక్క ఆకు లేదు గానీ కొమ్మ కొమ్మకీ ఎర్రటి పూలు. ఒకటి మోదుగ అని నేను, రెండూ బూరుగే అని ఫ్రెండ్స్. ఎలా తేల్చుకోవాలి? ఆకుల్లేకుండా అసలు పూత ఎలా వస్తుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: తల పైకెత్తి చూస్తున్నంతసేపూ ఈ వాదన తెగదు, కింద రాలినవి ఏరుకోండి. అరచేయి నిండేంత పెద్ద పువ్వు, మందంగా ఒకేలా ఉన్న అయిదు రేకులు, మధ్యలో కుప్పలు కుప్పలుగా కేసరాలు ఉంటే అది బూరుగ. చెట్టు వయసులో చిన్నదైతే మానుకి ముళ్లు కూడా కనిపిస్తాయి. మోదుగ పువ్వు సన్నగా, కాస్త నారింజ కలిసిన ఎరుపులో ఉంటుంది, దానికీ రేకులు అయిదే కానీ ఒకేలా ఉండవు: ఒకటి పెద్దది వెనక్కి వాలుతుంది, రెండు పక్కలకి ఉంటాయి, మిగిలిన రెండూ అంటుకుని అచ్చం చిలుక ముక్కులా వంగుతాయి. ఆ ముక్కుని గోటితో చీల్చి చూడండి, లోపల పది కేసరాలుంటాయి, తొమ్మిది కలిసి ఒక కట్ట, పదోది విడిగా. పువ్వు అడుగున ఉండే ముదురు రంగు గిన్నె మీద వేలు పెడితే మెత్తటి నూగు తగులుతుంది. ఇన్ని గుర్తులు చూపించాక కూడా మీ ఫ్రెండ్స్ కాదంటే అది వాళ్ల మొండితనమే.

ఇక ఆకుల సంగతి. చెట్టు తాగిన నీళ్లలో చాలా భాగం ఆకుల మీదుగానే ఆవిరైపోతుంది కాబట్టి నేల ఆరిపోయే రోజుల్లో వాటిని రాల్చేసుకుంటుంది, అంతేగానీ చచ్చిపోయి కాదు. ముందే మానులో, కొమ్మల్లో దాచుకున్న నీళ్లూ ఆహారమూ పూలకి సరిపోతాయి. పైగా ఆకులు అడ్డు లేకపోతే పూలు దూరం నుంచే కనబడతాయి, ఈ రెండు చెట్లకీ కావలసింది అదే, ఎందుకంటే వీటి పుప్పొడిని ఎక్కువగా మోసేది పిట్టలు. ఒకసారి వాసన చూడండి, చెప్పుకోదగ్గ పరిమళమేమీ ఉండదు. పిట్టలు వచ్చేది రంగు చూసి, తేనె కోసం, ఇక వాసనతో పనేముంది. (బూరుగకైతే రాత్రిపూట గబ్బిలాలూ వస్తాయి.) తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని పరిగెత్తే బదులు ఓ పావుగంట ముందే బయల్దేరితే గోరింకలు పూలల్లో తల దూర్చి ఎంత గోల చేస్తాయో చూడొచ్చు, అదీగాక ఊడ్చేవాళ్లు రాకముందే వెళ్తే నలగని పూలు దొరుకుతాయి.

అప్పటికీ తేలకపోతే కొత్త ఆకులు వచ్చేదాకా ఆగండి. మోదుగకి ఒక కాడకి మూడే ఆకులు, బూరుగకి అయిదు నుంచి ఏడు, అన్నీ ఒకే చోటి నుంచి విచ్చుకుంటాయి.